వీడియో ఎందుకు ఆగుతుంది? బఫర్ చెప్పే లెక్క

డాబా మీద ట్యాంకు ఉన్న ఇంట్లో పంపు నీళ్లు ఏ వేళకు వచ్చినా వంటింటి కుళాయి ఆగదు. వెబ్ వీడియోలో బఫర్ చేసే పనీ అదే. నెట్‌వర్క్ నుంచి డేటా ఒకసారి ధారగా, ఒకసారి చుక్కలుగా వస్తుంది. తెర మీది బొమ్మ మాత్రం నిలకడగా కదలాలి.

సర్వర్‌లో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను వేర్వేరు నాణ్యతల్లో ఉంచుతారు. ఏది తెచ్చుకోవాలో నిర్ణయించేది ప్లేయరే. బ్రౌజర్లలో ఇందుకు వీలు కల్పించే మీడియా సోర్స్ ఎక్స్‌టెన్షన్స్ 2016లో అధికారిక వెబ్ ప్రమాణమైంది. దాంతో ముక్కల్ని బఫర్‌లో పేర్చడం, చూసేసినవాటిని తీసేయడం ప్రోగ్రామర్ చేతికి వచ్చాయి.

ఒక లెక్క చూద్దాం. సెకనుకు 1.5 మెగాబిట్ల నాణ్యత గల 4 సెకన్ల ముక్క 6 మెగాబిట్లు. నెట్‌వర్క్ వేగం సెకనుకు 1 మెగాబిట్ అయితే అది దిగడానికి 6 సెకన్లు పడుతుంది. అంటే ప్రతి ముక్కకూ నిల్వలో 2 సెకన్లు తరుగుతాయి. 20 సెకన్ల నిల్వ నిమిషంలో ఖాళీ! తెర మీద చక్రం తిరగడం మొదలవుతుంది. అదే 0.5 మెగాబిట్ల నాణ్యతకు దిగితే ముక్క 2 సెకన్లలోనే చేరుతుంది, నిల్వ పెరుగుతుంది.

మరి నాణ్యత ఎప్పుడు తగ్గించాలి? వేగాన్ని కొలిచి నిర్ణయించడం సహజమైన ఆలోచనే. కానీ ఆ కొలతను నమ్మలేం. బఫర్ నిండగానే ప్లేయర్ కాసేపు ఆగుతుంది. మళ్లీ అడిగినప్పుడు కనెక్షన్ నెమ్మదిగా మొదలై క్రమంగా పుంజుకుంటుంది. ముక్క చిన్నదైతే పుంజుకునేలోపే అయిపోతుంది. వేగం తక్కువని భ్రమపడిన ప్లేయర్ ఇంకా చిన్న ముక్క అడుగుతుంది, కొలత మరింత తప్పుతుంది. లైను బాగున్నా బొమ్మ మసకబారడానికి ఇదొక కారణం.

స్టాన్‌ఫర్డ్, నెట్‌ఫ్లిక్స్ పరిశోధకులు 2014లో వెలువరించిన పద్ధతి వేగాన్ని ఊహించే పని చాలావరకు వదిలేసి నిల్వనే చూస్తుంది. బఫర్ అడుగంటితే తక్కువ నాణ్యత, నిండుతుంటే ఎక్కువ నాణ్యత. నెట్‌ఫ్లిక్స్‌లో అప్పటికి వాడుకలో ఉన్న పద్ధతితో పోలిస్తే వీడియో ఆగిపోవడం 10 నుంచి 20 శాతం తగ్గింది. సగటు నాణ్యత మాత్రం దాదాపు అలాగే ఉంది.

అయితే మొదట్లో బఫర్ ఖాళీ. అది చెప్పేదేమీ ఉండదు కాబట్టి ఆరంభంలో వేగం కొలత అవసరమే. ఆలస్యం చేయడానికీ లేదు: వీడియో మొదలవడానికి 2 సెకన్లు దాటితే ప్రేక్షకులు వదిలి వెళ్లడం మొదలవుతుందని 2012 నాటి ఒక పెద్ద అధ్యయనం తేల్చింది.

పోనీ, బఫర్‌ను బాగా పెంచేస్తే? 1.5 మెగాబిట్ల వీడియోను 2 నిమిషాలు ముందుగా దించితే 22.5 మెగాబైట్లు. పాఠం నచ్చక విద్యార్థి మధ్యలో మూసేస్తే, చూడని ఆ రెండు నిమిషాల డేటా కూడా ఆ రోజు ప్యాక్‌లోంచే పోతుంది. అందుకే మొబైల్ డేటా మీద నడిచే ప్లేయర్‌కు చిన్న ట్యాంకే నయం.