ఆస్ట్రేలియా టెలివిజన్ తొలినాళ్ళు - రంగస్థల నాటకం

ఆస్ట్రేలియాలో టెలివిజన్ ప్రసారాలు 1956 సెప్టెంబరులో మొదలయ్యాయి. ప్రభుత్వ సంస్థ ఎ.బి.సి. ఆ నవంబరులో రంగంలోకి దిగింది. తొలి సంవత్సరాల్లో అక్కడ ప్రసారమైన నాటకాల్లో ఎక్కువ భాగం విదేశీ రచనలే. దీన్నిబట్టి స్థానిక రచయితల దగ్గర సరుకు లేదనుకోవడం తేలిక. కాని సరుకు ఉంది.

1955లో జరిగిన ఒక నాటక రచనల పోటీలో బహుమతిని ఇద్దరు పంచుకున్నారు. రే లాలర్ ‘సమ్మర్ ఆఫ్ ది సెవెంటీన్త్ డాల్’ లండన్ రంగస్థలం దాకా వెళ్ళింది. ఓరియల్ గ్రే ‘ది టారెంట్స్’ మరుగున పడింది. 1890ల నాటి బంగారు గనుల పట్నంలో ఒక పత్రికాఫీసు. కొత్త ఉద్యోగి మగవాడనుకుని ఎదురుచూస్తే వచ్చింది స్త్రీ. ఈ నాటకం టెలివిజన్ తెరకెక్కడానికి 1969 దాకా ఆగవలసివచ్చింది. గ్రే సిడ్నీ న్యూ థియేటర్‌లో ఎదిగిన రచయిత్రి. 1932లో కార్మికుల కళాసంఘంగా పుట్టిన ఆ సంస్థను మన ప్రజానాట్యమండలికి దూరపు చుట్టం అనవచ్చు.

సాంకేతికమైన ఇబ్బందుల వల్లనే ఇలా జరిగిందా? నేనలా అనుకోను. అప్పట్లో నటులు స్టూడియోలో ఆడుతుండగానే నాటకం ప్రసారమైపోయేది; తప్పు దొర్లితే దిద్దుకునే వీల్లేదు. తెర మీది బొమ్మను ఫిల్ము మీదికి ఎక్కించి, మిగతా నగరాలకు పంపి, అక్కడ తర్వాత చూపేవారు. ఇటువంటి పరిస్థితిలో ఒకటి రెండు గదుల్లో నడిచే రంగస్థల నాటకం నిర్మాతకు చేతికందిన వస్తువే. అసలు తేడా వస్తువు ఎంపికలో ఉంది. ‘షెల్ ప్రెజెంట్స్’ అనే పేరుతో 1959-60లలో వాణిజ్య కేంద్రాలు నడిపిన నాటకాల వరసకు డబ్బు పెట్టింది చమురు కంపెనీ. పేరులోనే యజమాని ఉన్నాడు!

రంగస్థలం ముందు దెబ్బలు తిన్నాకే టెలివిజన్ ధైర్యం చేసిందనడానికి రెండు ఉదాహరణలు చాలు. సమ్నర్ లాక్ ఇలియట్ ‘రస్టీ బ్యూగిల్స్’ ఉత్తర ప్రాంతపు సైనిక శిబిరంలో విసిగిపోయిన జవానుల కథ. 1948లో సిడ్నీలో ప్రదర్శిస్తే, భాష బాగాలేదని ప్రభుత్వం నిషేధించింది. అది టెలివిజన్‌కు వచ్చింది 1965లో. ఆ మధ్యకాలంలో ఇలియట్ న్యూయార్క్‌లో కూర్చుని అమెరికన్ టెలివిజన్‌కు నాటకాలు రాసిపెట్టాడు. అలన్ సీమూర్ ‘ది వన్ డే ఆఫ్ ది ఇయర్’లో లిఫ్టు నడిపే తండ్రికి ఏప్రిల్ 25 నాటి యుద్ధవీరుల సంస్మరణ పరమ పవిత్రం, చదువుకున్న కొడుక్కి అది తాగుబోతుల తిరనాళ్ళు. 1960లో అడిలైడ్ ఉత్సవం నిర్వాహకులు దాన్ని కాదన్నారు. ఔత్సాహిక నటులు అదే నగరంలో ఆడి చూపించారు. 1962 కల్లా మెల్‌బోర్న్‌లోని వాణిజ్య కేంద్రం దాన్ని ప్రసారం చేసింది.

నా దృష్టిలో వీటన్నిటికంటె ముఖ్యమైంది 1961లో ఎ.బి.సి. ప్రసారం చేసిన గ్రే నాటకం ‘బర్స్ట్ ఆఫ్ సమ్మర్’. సినిమాలో నటించి కొద్దికాలం పేరు తెచ్చుకున్న ఆదివాసీ యువతి చిన్న ఊరికి తిరిగివస్తుంది. తెర మీద ఆమెను మెచ్చుకున్న తెల్లవాళ్ళు తమ ఊళ్ళో ఎంత చోటిస్తారన్నదే సమస్య. 1955లో వచ్చిన ‘జెడ్డా’ చిత్రం వెనుక ఉన్న చేదు ఇందులో కనిపిస్తుంది. ఆ చిత్ర కథానాయకుడు రాబర్ట్ టుడవాలీ ఈ టెలివిజన్ నాటకంలోనూ నటించాడు. గాయని జార్జియా లీ కూడా ఉంది. తెల్లవాళ్ళకు రంగు పూసి ఆదివాసుల్ని చూపే అలవాటున్న కాలంలో ఇది చిన్న సంగతి కాదు. సమాఖ్య ఎన్నికల్లో ఆదివాసులందరికీ ఓటు మరుసటి సంవత్సరం గాని రాలేదు. జనాభా లెక్కల్లో వారిని చేర్చడానికి 1967 మే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ జరపవలసివచ్చింది. ఆదివాసీ హక్కుల మండలిలో పనిచేసిన టుడవాలీ, ఆ జూలైలో డార్విన్‌లో చనిపోయాడు.