ముసురులో కొట్టం కారుతోందా? తొందరపడి పైకెక్కొద్దు!

మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు రైతులం వాన కోసం ఆకాశం చూసేవాళ్లమే. తీరా ముసురు పట్టిందంటే చేలో కొట్టం కారడం మొదలవుతుంది. లోపల చూస్తే ఎరువు బస్తాలు, కంది విత్తనాలు, జొన్న చొప్ప, బోరు మోటారు స్టార్టరు. ‘ఒక్క రేకే గదా’ అని వానలోనే నిచ్చెన వేస్తాం. కాళ్లు, చేతులు విరిగేది అక్కడే. వాన కురిసేటప్పుడు నీటిని పక్కకు మళ్లిస్తే చాలు. మరమ్మతు సంగతి తెరపి ఇచ్చాక చూసుకోవచ్చు.

ముందు కరెంటు సంగతి

స్టార్టరు, బోర్డు తడవకుండా ఉంటే పొడి చేతులతో, పొడి చెప్పులతో మెయిను ఆపండి. తడిస్తే మాత్రం ముట్టుకోవద్దు, లైన్‌మన్‌కు కబురు పెట్టండి. మీరే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి ఫ్యూజులు పీకొద్దు. ‘ఇప్పుడు సప్లై లేదులే’ అని కూడా నమ్మొద్దు. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. తీగ తొడుగు చిట్లి ఇనుప రేకుకు తగిలితే కప్పంతా షాకు కొడుతుంది.

చుక్క పడేది ఒకచోట, చిల్లి మరోచోట

చుక్క పడిన చోటే చిల్లి ఉంటుందనుకోవద్దు. నీరు రేకు అడుగున, వాసం వెంట జారి కింద ఎక్కడో పడుతుంది. పగటిపూట లోపల నిలబడి వాలుకు పైవైపు వెతకండి. చిల్లి ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. పక్కనున్న వాసం మీద గుర్తు పెట్టుకోండి. పలకల ఊరు మనది, బలపం ముక్క దొరక్కపోదు!

వాన ఆగేదాకా ఇలా

చిల్లి మేరకే పట్ట కప్పితే దాని పై అంచు కింద నీళ్లు దూరతాయి. పట్టను నడికొప్పు దాటించి అవతలి వైపుకు దించాలి. ఒకే వాలు కొట్టమైతే పై అంచు దాటించి మడవాలి. ఇందుకు పైకెక్కనక్కర్లేదు. పట్టకు తాడు కట్టి, ఆ తాడును కప్పు మీదుగా విసిరి, ఇద్దరు అవతలి నుంచి లాగితే సరి. రేకుల మీద రాళ్లు పెట్టొద్దు. పట్ట అంచులకు ఇసుక సంచులు కట్టి కిందికి వేలాడదీయండి. లోపల బస్తాలను గోడకు జానెడు దూరంగా, చెక్కల మీద పేర్చండి. బూజు పట్టిన చొప్ప పశువులకు వేయొద్దు, అందులో విషం ఉండొచ్చు.

తెరపి ఇచ్చాక

కప్పు పూర్తిగా ఆరాకే ఎక్కండి. సిమెంటు రేకు నడిమధ్యన కాలు పెడితే పుటుక్కున విరుగుతుంది. బోల్టుల వరుస మీద పొడవాటి పలక పరిచి, దాని మీదే నడవండి. కింద ఒక మనిషి ఉండాలి. తారు తడి మీద పట్టదు. చిన్న చిల్లికి పెద్ద ఇనుప రేకు ముక్క తీసుకుని, దాని పై అంచును ఎగువ రేకు కిందికి ఆరంగుళాలు దూర్చి బిగించండి. బోల్టు రంధ్రం మిట్ట మీదే ఉండాలి, పల్లంలో వద్దు. తారు వాషరు మరవొద్దు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అందుకే వాటిని కోయొద్దు.

బోద కొట్టమైతే కుళ్లిన గడ్డి మీదే కొత్తది కప్పొద్దు. కుళ్లింది లాగేసి, ఎండిన బోదను పిడికెడు పిడికెడుగా పై పొర కిందికి దూర్చండి. పని చూరు నుంచి కొప్పు వైపు సాగాలి. అప్పుడే పై వరుస కింది వరుసను కప్పుతుంది.

నైరుతి వానలు గడిచాయి గదా అని ఊరుకోవద్దు. మన వైపు అక్టోబరు, నవంబరుల్లోనూ తుపాను వానలు తప్పవు. డిసెంబరులోనూ నమ్మకం లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సెప్టెంబరులో ఎండ కాసే ఒక పూట చూసుకుని ఈ పని ముగించండి. అక్టోబరు ముసురులో నిచ్చెన వెతుక్కునే పని ఉండదు.