చివరి సిలిండర్‌కు నీళ్లు అందాలి

సైకిల్ పంపుతో గాలి కొట్టినవాళ్లకు టర్బో సగం తెలిసినట్టే. గబగబా కొడితే పంపు అడుగు చేతికి చురుక్కుమంటుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. టర్బోచార్జర్‌లో ఇంజన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం లోపలికి పోయే గాలిని నొక్కి పంపుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు, ఎక్కువ శక్తి. పాత స్పోర్ట్స్ కారుకు టర్బో బిగించాలనుకునేవాళ్లు ఇంతవరకు బాగానే ఆలోచిస్తారు. పంపు అడుగున తగిలిన ఆ చురుకు మాత్రం లెక్కలోకి రాదు. నన్నడిగితే లెక్క అక్కడే మొదలవ్వాలి.

ఈ సంగతి చెప్పడానికి మాజ్డా ఎంఎక్స్-5 కన్నా మంచి కారు నాకు కనిపించదు. అమెరికాలో దీన్ని మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ షోలో లోకానికి కనిపించింది. రెండే సీట్లు, మడిచే టాపు, టన్నుకు లోపు బరువు, 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్. నడపడంలో ఇంత సంతోషాన్నిచ్చే కార్లు తక్కువ. అయినా పొడవైన రోడ్డు కనిపించగానే ఇంకాస్త బలం ఉంటే బాగుండుననిపిస్తుంది. అందుకే దీనికి టర్బో బిగించేవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. కంపెనీ కూడా చివరికి ఆ పని చేసింది: 2004లో మాజ్డాస్పీడ్ పేరుతో టర్బో మోడల్ తెచ్చింది.

ఇంజన్ గట్టిదే. మాజ్డా 323 అనే ఫ్యామిలీ కారు ఇంజన్ల కుటుంబం నుంచి వచ్చింది. టర్బో బిగించిన 323తోనే టిమో సలోనెన్ 1987లో స్వీడన్ ర్యాలీ గెలిచాడు. చిక్కంతా ఇంజన్ కూర్చున్న తీరులో ఉంది.

323లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. వాటర్ పంపు ఒక కొసన నీళ్లను లోపలికి తోస్తుంది. అవి నాలుగు సిలిండర్ల చుట్టూ తిరిగి, వాటి పైనుండే హెడ్‌లోకి ఎక్కి, రెండో కొసన, వేడికి తెరుచుకునే థర్మోస్టాట్ గుండా బయటికొచ్చి రేడియేటర్‌కు పోతాయి. మియాటాలో అదే ఇంజన్‌ను నిలువుగా తిప్పి కూర్చోబెట్టారు. దాంతో నీళ్లు బయటికొచ్చే కొస క్యాబిన్ గోడకు ఆనుకుంది. అక్కడ చోటు లేక థర్మోస్టాట్‌ను ముందు కొసకు మార్చారు. అంటే నీళ్లు వచ్చేదీ ముందు నుంచే, పోయేదీ ముందు నుంచే.

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇక వివరించక్కర్లేదు. తూము దగ్గరి పొలాలు ముందే తడిసిపోతాయి, చివరి ఆయకట్టుకు తడి అందదు. మియాటాలో నాలుగో సిలిండర్ ఆ చివరి పొలం. వెనక నుంచి క్యాబిన్ హీటర్‌కు పోయే సన్నటి పైపే దానికి ఆధారం. కంపెనీ ఇచ్చిన 116 హార్స్‌పవర్‌తో ఈ లోటు బయటపడదు. టర్బో పెట్టాక పడుతుంది.

ఎందుకో చూద్దాం. పెట్రోలులోని శక్తిలో ఇంచుమించు మూడో వంతే క్రాంక్‌షాఫ్ట్ దాకా చేరుతుంది. మరో మూడో వంతు పొగతో పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లలోకి దిగుతుంది. శక్తిని ఎంత పెంచితే నీళ్ల మీద భారం ఇంచుమించు అంతే పెరుగుతుంది. దీనికి లోపలికి వచ్చే గాలి వేడి తోడవుతుంది. బయటి గాలి 30 డిగ్రీలు ఉందనుకుందాం. అర బార్ బూస్ట్‌కు, అంటే మామూలు గాలి ఒత్తిడి మీద అర బార్ అదనంగా నొక్కితే, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్‌లోంచి అది 80 డిగ్రీలు దాటి వస్తుంది. అంత వేడి గాలితో పెట్రోలు తన సమయానికి ముందే భగ్గుమంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. పిస్టన్ అంచులు విరిగేది, హెడ్ గాస్కెట్ పోయేది దానివల్లే. అన్నిటికన్నా వేడిగా ఉన్న సిలిండర్‌లో అది ముందుగా మొదలవుతుంది. ఆ సిలిండర్ ఏదో ఇప్పటికే తెలిసింది.

గాలిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ పెడతారు. పెట్టాల్సిందే. కానీ దాన్ని రేడియేటర్ ముందే నిలబెడతారు కాబట్టి రేడియేటర్‌కు గాలి తగ్గుతుంది, వచ్చేది కూడా కాస్త వేడెక్కి వస్తుంది. అందుకని కూలింగ్ పని ముందు, బూస్ట్ పని తర్వాత. ఈ వరుస తప్పకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

కూలింగ్ పనిలో మొదటిది పాత రేడియేటర్. దాని పైట్యాంకు ప్లాస్టిక్‌ది. ఏళ్లు గడిచి నల్లగా ఉండేది గోధుమరంగుకు తిరిగిందంటే పగలడానికి దగ్గరైనట్టే. దాని స్థానంలో మందమైన అల్యూమినియం రేడియేటర్ వేస్తారు. అది వేసి ఊరుకుంటే ఫలితం సగమే. గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది. రేడియేటర్ పక్కన వేలు దూరేంత సందున్నా అందులోంచి జారిపోతుంది. ముందు నోటి నుంచి రేడియేటర్ అంచుల దాకా రేకుతోనో ఫోమ్‌తోనో సందులన్నీ మూయాలి. ఇంజన్ కింది ప్లాస్టిక్ పళ్లేన్ని ఆయిల్ మార్చేటప్పుడు తీసి పక్కన పడేస్తుంటారు. వెనక్కి గాలిని లాగే ఏర్పాటులో అదీ భాగమే, తిరిగి బిగించాలి. పెద్ద ఖర్చులేని ఈ రెండు పనులూ చేశాకే మిగతా సామాను కొనాలి.

తక్కువ వేడికే తెరుచుకునే థర్మోస్టాట్ వేస్తే చాలనుకునేవాళ్లున్నారు. అది తలుపు మాత్రమే. ముందుగా తెరుచుకుంటుంది, అంతే. పూర్తిగా తెరిచాక ఎంత చల్లబడుతుందో తేల్చేది రేడియేటర్, గాలి, నీటి ప్రవాహం. రేడియేటర్ మూత మాత్రం నిజంగా పనిచేస్తుంది. అది ప్రెషర్ కుక్కర్ మీది వెయిట్ లాంటిది. 0.9 బార్ మూత కింద మామూలు నీళ్లు కూడా 119 డిగ్రీల దగ్గర గానీ మరగవు. దాని రబ్బరు ఎండిపోతే ఆ రక్షణ పోతుంది.

ఇక అసలు మరమ్మతు. థర్మోస్టాట్‌ను మళ్లీ హెడ్ వెనక్కి చేర్చి, ముందు దారి మూసి, వెనక నుంచి రేడియేటర్ పైభాగానికి పొడవాటి హోస్ పైపు వేస్తారు. దీన్ని కూలెంట్ రీరూట్ అంటారు. నీళ్లు తప్పనిసరిగా నాలుగో సిలిండర్‌ను దాటుకుని పోవాలి. 323లో ఉన్న దారే తిరిగి వస్తుంది. హీటర్ పైపును మాత్రం మూయకూడదు. థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపు నీళ్లు కదలడానికి ముఖ్యమైన దారి అదే. కదలని నీళ్లలో థర్మోస్టాట్‌కు ఇంజన్ వేడి సరిగ్గా తెలియదు. క్యాబిన్ గోడకూ హెడ్‌కూ మధ్య బోల్టు తిప్పడానికి చెయ్యి కూడా సరిగ్గా పట్టదు. ఇంజన్ కిందికి దించిన రోజునే ఈ పని పెట్టుకుంటే హాయి.

టర్బోకూ దాహం ఉంటుంది. దాని బేరింగుల్లో ఆయిల్, చుట్టూ నీళ్లు తిరుగుతాయి. గట్టిగా నడిపి వెంటనే ఇంజన్ ఆపేస్తే ఆ ఆయిల్ కదలకుండా అక్కడే మాడి బొగ్గవుతుంది. చివరి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా నడపాలి, ఆగాక ఒక నిమిషం ఇంజన్‌ను తిరగనివ్వాలి.

అన్నీ బిగించాక కూలెంట్ నింపే రోజు తొందర పనికిరాదు. కారు ముక్కు పైకెత్తి, హీటర్ పూర్తిగా తెరిచి, రేడియేటర్ మూత తీసి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా పైకి వస్తుంది. కొన్ని వెంటనే, కొన్ని పది నిమిషాలు ఆగి. చివరి బుడగ వచ్చేదాకా అక్కడే నిలబడి, తగ్గినప్పుడల్లా కాస్త కాస్త పోస్తుండాలి.