గతుకుల బాటపై మోటారు సైకిలు: స్ప్రింగులు మార్చవలెనా?

గుంటలతోను గులకరాళ్లతోను నిండిన బాటపై పోవుచున్న మోటారు సైకిలును ప్రక్కన నిలిచి పరికించినచో ఒక వింత కానవచ్చును. చక్రములు క్షణక్షణము పైకిని క్రిందికిని ఎగురుచుండును. పైనున్న మనిషి తల మాత్రము ఇంచుమించు ఒకే ఎత్తున సాగిపోవును. చక్రమునకును మనిషికిని నడుమ నిలిచి, నేలయొక్క మిట్టపల్లములను తమలో ఇముడ్చుకొను స్ప్రింగులును, నూనె గొట్టములును ఈ వింతకు కారణములు. ఈ అమరికకు సస్పెన్షను అని పేరు.

రోడ్డులేని కొండదారులలోను, ఇసుక నేలలలోను, అడవి బాటలలోను నడపుటకై నిర్మించిన తేలిక మోటారు సైకిలును డర్ట్ బైకు అందురు. దీనిని పందెములకు గాక సెలవు దినములలో వినోదమునకై నడపువారు అన్ని దేశములలోను ఉన్నారు. బండి కొన్న కొలది దినములకే వారి చెవిని ఒక సలహా పడును: “కంపెనీ అమర్చిన సస్పెన్షను చాలదు, వెంటనే మార్చుకొనుము” అని. మార్పునకు ధనము చాల వ్యయమగును. అంతకంటె ముఖ్యమైన మాట, పొరపాటున తన బరువునకు తగనిదానిని అమర్చుకొన్నవాడు బండిపై అదుపు కోల్పోయి పడవచ్చును. కావున ఈ సలహా ఎంతవరకు సమంజసమో భౌతికశాస్త్ర దృష్టితో విచారించుట మంచిది.

కొంత చరిత్ర

తొలినాటి మోటారు సైకిళ్లలో వెనుక చక్రము చట్రమునకే గట్టిగా బిగింపబడి యుండెడిది. కూర్చుండు పీటక్రింది స్ప్రింగే నడపువానికి దిక్కు. ఒక గొట్టములో మరియొక గొట్టము జారునట్లు చేసి, లోపల నూనె నింపిన ముందు ఫోర్కును 1935లో జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ తన వాహనములకు అమర్చెను. నేడు మన వీధులలో తిరుగు మోటారు సైకిళ్లలో చాలవాటికి ఆ వంశపు ఫోర్కే కలదు.

గతుకు నేలలపై జరుగు మోటోక్రాస్ పందెములు ఈ విద్యను మరింత ముందునకు త్రోసినవి. బెల్జియము దేశస్థుడైన లూసియెన్ టిల్కెన్స్ అను ఇంజనీరు వెనుక చక్రమునకు ఇరుప్రక్కల నుండు రెండు షాక్ అబ్జార్బరులకు మారుగా, పీట క్రింద ఒకే పెద్ద అబ్జార్బరును అమర్చు పద్ధతిని రూపొందించెను. యమహా సంస్థ దానిని స్వీకరించినది. 1973లో స్వీడను దేశస్థుడు హకన్ ఆండర్సన్ అట్టి బండిపై 250 సి.సి. తరగతి ప్రపంచ విజేత యయ్యెను. అంతకుముందు వెనుక చక్రము పైకి క్రిందికి కదలు మేర సుమారు 100 మి.మీ. మాత్రమే. తరువాతి పది సంవత్సరములలో అది సుమారు 300 మి.మీ. వరకు పెరిగినది.

ఇంత కదలిక ఎందులకు? పందెపు బండి మిట్టలమీదినుండి గాలిలోనికి లేచి, ఎంతో ఎత్తునుండి నేలమీద పడును. ఆ దెబ్బను ఓర్చుకొనుటకే ఈ పెంపు. వినోదమునకై తీరికగా నడపువాని అవసరము వేరు. ఈ భేదమును మరువరాదు.

స్ప్రింగు చేయు పని

స్ప్రింగు ఎంత నొక్కుకొనునో ఆ కొలతకు అనులోమానుపాతములో ఎదురు బలము పుట్టునని 1678లో రాబర్టు హుక్ ప్రకటించెను. ఒక మిల్లీమీటరు నొక్కుటకు కావలసిన బలమును స్ప్రింగు స్థిరాంకము అందుము. పందెపు బండి వెనుక స్ప్రింగునకు ఇది మి.మీ.కు 45 న్యూటనులు అనుకొందము. చక్రము 300 మి.మీ. కదలినపుడు మీటమువంటి అమరిక వలన స్ప్రింగు 100 మి.మీ. మాత్రమే కదలును. అప్పుడు చక్రమువద్ద బలము మూడవవంతు, కదలిక మూడు రెట్లు. కావున చక్రమువద్ద లెక్కించిన స్థిరాంకము తొమ్మిదవ వంతు, అనగా మి.మీ.కు 5 న్యూటనులు అగును.

నడపువాని బరువులో సుమారు సగము వెనుక చక్రముపై పడుననుకొందము. 70 కిలోల మనిషి ఎక్కినచో 35 కిలోల భారము, అనగా 343 న్యూటనుల బలము పడును. దానిని 5 చే భాగింప బండి వెనుకభాగము సుమారు 69 మి.మీ. దిగును. 90 కిలోల మనిషికి ఇది 88 మి.మీ., 50 కిలోల పిల్లవానికి 49 మి.మీ. మాత్రమే. బండి ఒక్కటే, స్ప్రింగు ఒక్కటే. మనిషి మారినచో బండి నిలుచు తీరే మారిపోవుచున్నది. కంపెనీవారు ఎవరో ఒక నడిమి బరువు మనిషిని దృష్టియందుంచుకొని స్ప్రింగును ఎన్నుకొందురు. ఆ బరువునకు సమీపమున ఉన్నవానికి అది సరిపోవును. అందరికిని సరిపోవునని ఎవరును చెప్పజాలరు.

కుంగుదలను కొలుచుట

స్ప్రింగు సరిపోయినదో లేదో తెలిసికొనుటకు ఒక మీటరు బద్దయు, ఇద్దరు స్నేహితులును చాలును. మొదట బండిని ఎత్తి వెనుక చక్రము గాలిలో వ్రేలాడునట్లు నిలిపి, ఇరుసు నుండి దానికి సరిగా పైన బండిపై గుర్తించిన ఒక బిందువు వరకు దూరమును కొలువవలెను. పిదప బండిని దాని చక్రములపై నిటారుగా నిలిపి మరల కొలువవలెను. మూడవసారి నడపువాడు బూట్లతోను, శిరస్త్రాణముతోను ఎక్కిన తరువాత కొలువవలెను.

మొదటి కొలతనుండి రెండవదానిని తీసివేసిన బండి తన బరువుచేతనే కుంగిన మేర వచ్చును. మొదటినుండి మూడవదానిని తీసివేసిన మనిషితో కూడిన కుంగుదల వచ్చును. గతుకు నేలపై నడుపు బండికి మనిషితో కూడిన కుంగుదల మొత్తము కదలికలో సుమారు మూడవవంతు ఉండుట మేలని అనుభవజ్ఞుల మతము. 300 మి.మీ. కదలిక గల బండికి ఇది 100 మి.మీ. అందు బండి బరువుచేతనే కలుగునది 30 మొదలు 40 మి.మీ. వరకు ఉండవలెను.

అసలు కుంగుదల ఎందులకు? చక్రము పైకి లేచుటకు చోటున్నట్లే, గుంట వచ్చినపుడు క్రిందికి దిగుటకును చోటుండవలెను. కుంగుదల లేని బండిచక్రము గుంట అడుగును తాకజాలదు. నేలను తాకని చక్రమునకు ఘర్షణ లేదు. ఘర్షణ లేనిచో బ్రేకు పనిచేయదు. ముందుచక్రమైనచో త్రిప్పినను బండి తిరుగదు.

స్ప్రింగుపైనుండు మరను బిగించి కుంగుదలను తగ్గింపవచ్చును. దీనిని ముందుబిగింపు అనవచ్చును. ఇందొక భ్రమ గలదు. మరను బిగించినచో స్ప్రింగు గట్టిపడునని పలువురు తలంతురు. అది నిజము కాదు. స్ప్రింగు స్థిరాంకము తీగ మందమును, చుట్ల వ్యాసమును, చుట్ల సంఖ్యను, లోహమును బట్టి యుండునేకాని బిగింపును బట్టి మారదు. పై ఉదాహరణములోని 90 కిలోల మనిషి మరను బిగించి తన కుంగుదలను 100 మి.మీ.కు తెచ్చుకొనెననుకొందము. అందు 88 మి.మీ. అతని బరువుచేతనే కలిగినది. బండి వంతునకు మిగిలినది 12 మి.మీ. మాత్రమే. అనగా ఆ స్ప్రింగు అతనికి మెత్తనిది. 50 కిలోల పిల్లవాడు అట్లే 100కు సవరించుకొన్న, బండి వంతు 51 మి.మీ. అగును. అతనికి ఆ స్ప్రింగు గట్టిది. ఈ ఇద్దరును స్ప్రింగు మార్చవలసినవారే. 70 కిలోలవానికి బండి వంతు 31 మి.మీ. వచ్చుచున్నది. అతడు స్ప్రింగునకై పైసా వ్యయము చేయనక్కరలేదు.

నూనె చేయు పని

స్ప్రింగు ఒక్కటే ఉన్నచో బండి మిట్టను దాటిన తరువాతను చాలసేపు ఊగుచునే యుండును. స్ప్రింగు శక్తిని దాచుకొని మరల ఇచ్చివేయునేకాని హరింపదు. శక్తిని హరించునది నూనె. కార్యాలయముల తలుపులను మెల్లగా మూయు సాధనమును చూచినవారికి ఈ సూత్రము క్రొత్త కాదు. గొట్టములోని ముషలకము కదలినపుడు నూనె సన్నని రంధ్రములగుండను, పలుచని ఉక్కు బిళ్లలను వంచుకొనియు దూరిపోవును. అప్పుడు గతిజశక్తి ఉష్ణముగా మారును. డోలనములు అణగిపోవును. వీటినే అవరుద్ధ డోలనములందుము.

ఈ అవరోధము తక్కువైన బండి ఎగురుచుండును. ఎక్కువైనను కీడే. కంకరబాటలపై అలలవలె ఏర్పడు గీతలను తలంచుడు. అలకును అలకును నడుమ దూరము అర మీటరు, బండి వేగము గంటకు 18 కిలోమీటర్లు, అనగా సెకనుకు 5 మీటర్లు అయినచో చక్రము సెకనుకు 10 అలలను దాటును. ఒక్కొక్కదాని తరువాత క్రిందికి దిగుటకు దానికి చిక్కునది సెకనులో పదవవంతుకంటె తక్కువ. నూనె అడ్డు ఎక్కువగా ఉన్నచో చక్రము పూర్తిగా దిగకమునుపే రెండవ అల వచ్చిపడును. ఇట్లు స్ప్రింగు అంతకంతకు నొక్కుకొనిపోయి, తుదకు కర్రవలె బిగిసిపోవును.

నూనె శాశ్వతమైనది కాదు. లోహపు రజనుచేతను, తేమచేతను, పలుమారులు వేడెక్కుటచేతను అది చెడిపోవును. స్నిగ్ధత తగ్గిన నూనె డోలనములను అణపజాలదు. నెమ్మది నెమ్మదిగా జరుగు మార్పు కాబట్టి నడపువాడు దీనిని గుర్తింపడు. బండి మొదటినుండియు ఇంతే అనుకొనును. ‘సస్పెన్షను చాలదు’ అను ఫిర్యాదులలో కొన్ని నూనెను, సీళ్లను మార్చుటతోనే తీరిపోవును. సీళ్లనుండి కారిన నూనె బ్రేకుపై పడుట మరియొక అపాయము కావున ఈ విషయమున అలక్ష్యము తగదు.

కదలిక పెరిగినచో లాభమెంత?

మన దేశమునుండియే ఒక ఉదాహరణము తీసికొందము. హీరో సంస్థ 2019లో విడుదల చేసిన ఎక్స్‌పల్స్ 200 అను బండికి ముందుచక్రము కదలిక 190 మి.మీ., వెనుకది 170 మి.మీ. 2023లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 4వి ప్రో రకములో ఇవి 250, 220 మి.మీ. ఈ 50 మి.మీ. పెంపువలన కలుగు లాభమును లెక్కింపవచ్చును.

బండి ‘ఎ’ ఎత్తునుండి పడి ‘క’ దూరములో ఆగినచో, కలుగు సగటు బలము బరువునకు (ఎ + క) / క రెట్లు ఉండును. అర మీటరు ఎత్తునుండి పడిన బండి 170 మి.మీ.లో ఆగిన ఇది సుమారు 3.9 రెట్లు. 220 మి.మీ.లో ఆగిన 3.3 రెట్లు. తగ్గుదల సుమారు ఆరవవంతు. మాటిమాటికి ఎగిరి దుముకువానికి ఇది గొప్ప లాభమే. కాని పది సెంటీమీటర్ల రాతిమీదినుండి దిగువానికి పాత కదలికయే పూర్తిగా వినియోగపడదు. వాడని కదలికకు వెల చెల్లించుట వ్యర్థము.

పైగా దీనికి మరియొక మూల్యము గలదు. మొదటి బండిపై పీట ఎత్తు 823 మి.మీ. కాగా, ప్రో రకములో 891 మి.మీ. పొట్టివారికి ఈ 68 మి.మీ. చాల పెద్ద అంతరము. వాలుపై బండి ఆగినపుడు కాలు నేలకు అందనిచో బండితోసహా ప్రక్కకు ఒరిగిపోవలసినదే. కొత్తగా నేర్చుకొనువారు పడుట ఎక్కువగా ఇట్టి నిదానపు వేళలందే.

కదలికను ఉచితముగా పెంచుకొను ఉపాయము ఒకటి కలదు. కాలిమెట్లపై లేచి మోకాళ్లను కొంచెము వంచి నిలుచుటయే అది. అప్పుడు శరీరము ఆగు దూరమునకు మోకాళ్ల వంపు కూడ తోడగును. అనుభవజ్ఞులు గతుకులు రాగానే లేచి నిలుచుటలోని రహస్యమిదే.

ఎవరికి అవసరము?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. వినోదమునకై నడపువాడు ముందుగా టైరులలోని గాలిని సరిచూడవలెను. పిదప కుంగుదలను కొలిచి మరతో సవరించుకొనవలెను. మన రోడ్డు బండ్ల వెనుక స్ప్రింగు ఇద్దరిని మోయవలసినది కావున, ఒంటరిగా నడపు తేలిక మనిషి ముందుబిగింపును తగ్గించుకొన్నంతనే మార్పును గమనించును. మూడవది, నూనె, సీళ్లు ఎప్పుడు మార్చబడినవో చూచుకొనవలెను. ఈ మూడింటికిని అయ్యెడి వ్యయము స్వల్పము.

ఇంత చేసినను రెండు కుంగుదలలు పొసగనిచో తన బరువునకు తగిన స్ప్రింగును వేయించుకొనవలెను. అది విలాసము కాదు, క్షేమమునకు సంబంధించిన అవసరము. కొలతలు సరిగానే ఉన్నను ప్రతి దూకుడులోను సస్పెన్షను అడుగంట కొట్టుకొనుచున్న యెడల, నడపువాని వేగము బండి శక్తిని మించినదని అర్థము. అప్పుడే నూనె కవాటముల మార్పునుగాని, పెద్ద సస్పెన్షనునుగాని తలపెట్టుట ఉచితము.

కాబట్టి “మార్చవలెనా?” అను ప్రశ్నకు దుకాణములోని వస్తువు సమాధానము కాజాలదు, మీటరు బద్ద మీది మూడు అంకెలే సమాధానము. పాఠశాలలో హుక్ సూత్రమును బోధించునపుడు ఉపాధ్యాయులు తమ మోటారు సైకిలునే ఆవరణలో నిలిపి, వేరువేరు బరువులు గల విద్యార్థులను కూర్చుండబెట్టి ఈ కొలతలను తీయింపవచ్చును. బరువు ఒక అక్షముపైనను, కుంగుదల మరియొక అక్షముపైనను గుర్తించి గీచిన రేఖ ఇంచుమించు సరళరేఖగా వచ్చును. సూత్రము పుస్తకములోనిదే కాదని, తాము ప్రతిదినము ఎక్కి తిరుగు బండిలో సయితము అదే పనిచేయుచున్నదని విద్యార్థులు అప్పుడు స్వయముగా గ్రహింతురు.