యవలు, తెగుళ్లు: అపోహలు – వాస్తవములు

మనుష్యహస్త మెరుగక పెరిగిన అడవిమొక్కకు తెగులు సోకదనియు, పూర్వులు విత్తిన నాటురకము లన్నియు వజ్రకాయములనియు పెక్కుమంది మనఃపూర్వకముగా నమ్ముచున్నారు. ఈ నమ్మకమును యవధాన్యముల చరిత్ర సమర్థింపదు. పశ్చిమాసియా కొండవాలులలో నేటికిని తమంత తాము మొలచుచున్న అడవి యవలను బూడిద తెగులును, కుంకుమ తెగులును పీడించుచునే యున్నవి. అంతియే కాదు, ఆకు కుంకుమ తెగులు శిలీంధ్రము తన జీవితచక్రమున కొంతభాగము గడపుట కాశ్రయించు ఆర్నిథోగాలమ్ అను దుంపమొక్కయు అచ్చటనే పూయుచుండుటచే, ఆ శిలీంధ్రమునకు సంయోగమువలన నూతనరూపములు దాల్చు అవకాశ మచట మెండు. శత్రువు రూపము మార్చినకొలది మొక్కలలో ఏ కొన్నియో దానికి లొంగక నిలిచినవి. కావున నిరోధకశక్తి అడవి యంతటి సొత్తు కాదు. అడవిలోని కొన్ని మొక్కల సొత్తు.

ఆ శక్తిని పైరులోనికి దెచ్చుట యనగానే జన్యుమార్పిడి విత్తనమని భయపడువారు గలరు. కాని ఆ భయ మనవసరము: అడవి యవలును సాగు యవలును ఒకే జాతివి. పుప్పొడితో సంకరపరచినచో సంతానము చక్కగా ఫలించును. కష్ట మంతయు పిదపనే: పండగనే కంకి తునిగి గింజ నేలరాలు అడవిలక్షణము వెంటరాగా, దానిని తొలగించుటకై మరల మరల సాగురకముతో కలుపుచు, తెగులు సోకించి పరీక్షించుచు ఏండ్లు గడపవలెను.

నిరోధకశక్తి యనగా మొక్క అదనముగా సంపాదించిన ఆయుధమే యని తలచుట మరియొక అపోహ. 1937-38 సంవత్సరములలో ఇథియోపియానుండి సేకరించిన నాటు యవలలో కొన్నింట బూడిద తెగులు నెదిరించు లక్షణము కనబడినది. 1942లో జర్మనీలో ఎక్స్‌రే కిరణములచే కృత్రిమముగా పుట్టించిన మార్పును ఆ లక్షణమునకు మూలమైన జన్యువుననే సంభవించినది. ‘మ్లో’ అను ఆ జన్యువు 1997లో వేరుపరుపబడిన పిమ్మట తేలిన సంగతి నాకు నేటికిని అద్భుతముగనే తోచును: అది పనిచేసినపుడే శిలీంధ్రమునకు కణములోనికి ప్రవేశము సుగమము, అది చెడినచో, తలుపుతీయు సేవకుడు లేని యింటిముందు దొంగవలె తెగులు వెలుపలనే నిలిచిపోవును. 1979 మొదలు ఐరోపా వసంతకాలపు యవలను ఈ లోపమే కాపాడుచున్నది. అయితే ఇది ఉచితముగా లభించిన వరము కాదు. ఆకులపై తమంత తామే మచ్చలు పుట్టును. మన వరిని దహించు అగ్గితెగులు శిలీంధ్రమునకు ఇట్టి యవలు మరింత సులభముగా లొంగును.

ఒకసారి దొరికిన నిరోధకశక్తి శాశ్వతమనుటయు సరికాదు. 1935లో అమెరికాలోని ఉత్తర డకోటాలో శామ్ లికెన్ అను కర్షకుడు కాండపు కుంకుమ తెగులుచే పాడైన తన చేనిలో పచ్చగా నిలిచిన ఒక్క మొక్కను గుర్తించి దాని విత్తు భద్రపరచెను. దానినుండి వచ్చిన ‘కిండ్రెడ్’ రకపు జన్యువు 1942 మొదలు దశాబ్దములపాటు ఆ సీమ యవలను కాచినది. 1989లో దానిని జయించు శిలీంధ్రరూప మొకటి అచ్చటనే తలయెత్తినది; 1990ల చివర ఉగాండాలో బయల్పడిన ‘యూజీ99’ అను మరియొక రూపము సైతము ఆ జన్యువును లెక్కచేయలేదు. అటుపిమ్మట కెన్యాలోని న్జోరో క్షేత్రమున నాటు యవలను, అడవి యవలను వేలకొలది పరీక్షింపగా అత్యధికభాగము లొంగిపోయినవి; నిలిచిన ఆ స్వల్పభాగముతోనే ఇప్పుడు సంకరణకృషి సాగుచున్నది.