‘సర్‌ప్రైజ్’ అంటే మెచ్చుకోలు కాదు: ఆశ్చర్యానికి ఇంగ్లీష్‌లో ఏ మాట ఎప్పుడు?

ఇంటర్ ఫలితాలు వస్తాయి. ఫ్యామిలీ గ్రూపులో మేనకోడలి మార్కులు చూసి కువైట్‌లో ఉన్న మామూ సంతోషంగా ‘ఐ యామ్ సర్‌ప్రైజ్డ్ బై యువర్ మార్క్స్’ అని పెడతారు. ఆయన ఉద్దేశం మెచ్చుకోవడమే. కానీ ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళు చదివితే అందులో ఇంకో అర్థం కనిపిస్తుంది: ‘నీకు ఇన్ని మార్కులు వస్తాయని అనుకోలేదు’. పైకి పొగడ్త, లోపల ఎత్తిపొడుపు. ఇంట్లో అయితే నవ్వుకుని వదిలేస్తారు. అదే మాట ఆఫీసు మెయిల్‌లోనో, ఇంటర్వ్యూలోనో పడితే నవ్వుకునే విషయం కాదు.

చిక్కు తెలుగులోనే మొదలవుతుంది. సర్‌ప్రైజ్, వండర్, అమేజ్‌మెంట్ మూడింటికీ మనం ‘ఆశ్చర్యం’ అనే చెప్పుకుంటాం. కాబట్టి మూడూ ఒకటేనని పిల్లలు బట్టీ పడతారు. ఇంట్లో మాట్లాడే ఉర్దూలో మాత్రం ఈ తేడా బాగానే పాటిస్తాం. ‘కమాల్ కర్ దియా’ అంటే పొగడ్త. ‘అజీబ్ ఆద్మీ హై’ అంటే పొగడ్త అని ఎవరూ పొరబడరు. తమాషా ఏమిటంటే, అరబ్బీలో అదే ‘అజీబ్’కి అద్భుతమైన అనే అర్థం కూడా ఉంది. ఉర్దూలో ‘హైరాన్’ అంటే ఆశ్చర్యపోవడం, తెలుగులోకి వచ్చేసరికి అది ‘హైరానా’ అయి కంగారుగా మారింది. బిడ్డ బాగా చదివితే మాషా అల్లాహ్ అంటాం, చావు కబురు వింటే ఇన్నా లిల్లాహ్ అంటాం. ఒకదాని చోట ఇంకోటి నోట రాదు. ఇంగ్లీష్ మాటలకీ ఇదే జాగ్రత్త చాలు.

సర్‌ప్రైజ్ అనే మాటకి మూలం ఫ్రెంచ్. ఏమరుపాటుగా ఉన్నవాణ్ణి పట్టుకోవడం అని దాని అర్థం. అంటే అందులో ముఖ్యం ‘ముందు అనుకోకపోవడం’. జరిగింది మంచా చెడా అన్నది ఆ మాట చెప్పదు. పులికాట్ సరస్సునే చూడండి. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. ప్రతి చలికాలం ఫ్లెమింగోలు అక్కడికి వేలల్లో వస్తాయి. మొదటిసారి చూసిన హైదరాబాద్ చుట్టం ‘సర్‌ప్రైజింగ్’ అనొచ్చు, ఆయన అనుకోలేదు కాబట్టి. ఒడ్డునే పుట్టి పెరిగిన తడ మనిషికి అది సర్‌ప్రైజ్ కాదు, ఏటా వచ్చేవే కదా. అయినా చూసిన ప్రతిసారీ ‘వండర్‌ఫుల్’ అనే అనిపిస్తుంది. వండర్‌ఫుల్‌కి కొత్తదనం అక్కర్లేదు, మనసు నిండితే చాలు. అమేజింగ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది: మెచ్చుకోలు ఉంది, నమ్మలేకపోవడమూ కొంత ఉంది. మార్కుల మెసేజ్‌కి ‘అమేజింగ్ మార్క్స్, వెల్ డన్’ అంటే సరిపోయేది.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ‘ఐ యామ్ అమేజింగ్’ అంటే ‘నేను ఆశ్చర్యపోయాను’ కాదు, ‘నేను అద్భుతమైన మనిషిని’ అని. ఆశ్చర్యం కలిగించేదానికి ‘ఇంగ్’, ఆశ్చర్యపోయిన మనిషికి ‘డ్’. ద న్యూస్ ఈజ్ సర్‌ప్రైజింగ్, ఐ యామ్ సర్‌ప్రైజ్డ్. ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్లలు ఈ ఒక్కటి సరిచేసుకున్నా చాలా తేడా వస్తుంది.

ఇక ఆసమ్. ఇందులో ఉన్న ‘ఆ’ అనే ముక్కకి పాత అర్థం భయంతో కూడిన గౌరవం. ఈ మాట నిజంగా అతికే చోటు మన తీరంలోనే ఉంది, శ్రీహరికోట. (2022 జిల్లాల విభజనలో సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, చాలామందికి అది ఇంకా నెల్లూరు షారే.) 2023 జూలై 14 మధ్యాహ్నం 2.35కి చంద్రయాన్-3ని మోసుకుని దాదాపు 640 టన్నుల ఎల్‌వీఎం-3 రాకెట్ పైకి లేచింది. అంత బరువు నిప్పులు కక్కుతూ గాల్లోకి లేస్తుంటే చూసేవాళ్ళకి ఆనందంతో పాటు గుండెల్లో చిన్న దడ కూడా ఉంటుంది. ఆసమ్ అంటే అదీ. ఇప్పుడు కుర్రాళ్ళు బిర్యానీకీ, బైక్‌కీ అదే మాట వాడుతున్నారు. స్నేహితుల మధ్య పర్వాలేదు, ప్రిన్సిపాల్‌కి రాసే లెటర్‌లో వద్దు.

ఆ ‘ఆ’ నుంచే పుట్టిన ఆఫుల్ మాత్రం పూర్తిగా తిరగబడి ‘ఘోరం’ అయిపోయింది. టెర్రిఫిక్, టెర్రిబుల్ కూడా అంతే, రెండింటికీ మూలం భయపెట్టడం. ఇవాళ మొదటిది పొగడ్త, రెండోది తిట్టు. పెళ్ళి విందు తిని ‘టెర్రిబుల్ ఫుడ్’ అంటే వంటవాళ్ళు బాధపడతారు.

షాకింగ్‌ని మన టీవీ ఛానెళ్ళు అరగదీశాయి. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగాన్ని ఇంకా 56 నిమిషాలు ఉందనగా ఆపేశారు. అప్పటికే చూడటానికి వచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళకి అది సర్‌ప్రైజింగ్, డిసప్పాయింటింగ్ కూడా. షాకింగ్ అంత పెద్ద మాట అవసరం లేదు, వారం తిరిగేసరికి జూలై 22న అదే రాకెట్ ఎగిరింది. షాకింగ్ అనేది ప్రమాదానికో, మోసానికో, హఠాత్తుగా వచ్చిన చావుకో ఉంచుకోవాలి. ఎవరి తండ్రైనా పోయారని తెలిస్తే ‘సర్‌ప్రైజ్డ్ టు హియర్’ అని ఎప్పుడూ రాయకూడదు. ‘వెరీ సారీ టు హియర్’ అంటే చాలు.

కృష్ణపట్నం వైపు కంపెనీల్లో చేరిన పిల్లలకి, గల్ఫ్‌లో ఉద్యోగం చేసేవాళ్ళకి ఆఫీసు ఇంగ్లీష్‌లో ఒక సంగతి తెలియాలి. అక్కడ ‘ఐ యామ్ సర్‌ప్రైజ్డ్’ అంటే చాలాసార్లు మర్యాదగా చూపించే కోపం. మేనేజర్ నుంచి ‘ఐ యామ్ సర్‌ప్రైజ్డ్ దట్ ద రిపోర్ట్ ఈజ్ నాట్ రెడీ’ అని మెయిల్ వస్తే ఆయన ఆశ్చర్యపోలేదు, మందలిస్తున్నాడు. వెంటనే రిపోర్ట్ పంపాలి. అలాగే పైఅధికారిని మెచ్చుకోవాలంటే ‘ఐ యామ్ ఇంప్రెస్డ్’ కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, పరీక్ష పెట్టి పాస్ చేసినట్టు. పెద్దవాళ్ళ విషయంలో ‘ఐ అడ్మైర్ యువర్ వర్క్’ అనడం మేలు. కింద పనిచేసేవాళ్ళకి మాత్రం ‘ఇంప్రెసివ్ వర్క్’ అని రాస్తే వాళ్ళకి ఆ రోజంతా హుషారే.