యార్డుకు సెలవులున్నాయి... కూలికి?

సినిమాలో తల్లి మంచం పట్టగానే హీరో ఏం చేస్తాడో మీకు వేరే చెప్పాలా! పరుగున వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటాడు. సెలవు చీటీ ఇచ్చాడా, జీతం కోశారా అని ఏ రచయితా రాయడు. 2016లో వచ్చిన ‘ఊపిరి’లో కార్తి నాగార్జునను కంటికి రెప్పలా చూసుకున్నాడు, నిజమే. కానీ అతనికది జీతమొచ్చే ఉద్యోగం సుమండీ!

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తితీతకూ మిరపకోతకూ వెళ్లే అమ్మాయి సంగతి వేరు. వెళ్లిన రోజుకే కూలి. తొడిమలు తీసే పనైతే కిలోల లెక్క. అమ్మకు ఆపరేషనయితే పెద్దాసుపత్రిలో పక్కన ఎవరో ఒకరుండాలి. మందులు తేవాలి, పరీక్షలకు నడిపించుకెళ్లాలి, రాత్రి వరండాలో చాప పరుచుకోవాలి. ఆ ‘ఎవరో ఒకరు’ చాలా ఇళ్లలో ఆ అమ్మాయే! కోతలేమో కాయ పండినప్పుడే. పోయిన పది రోజుల కూలీ మళ్లీ రాదు.

సర్కారు ఏమీ చేయలేదనను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2019 డిసెంబరు 2న ‘ఆరోగ్య ఆసరా’ మొదలుపెట్టిందీ గుంటూరు పెద్దాసుపత్రిలోనే. ఆపరేషనయిన రోగి కోలుకునేదాకా రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా అన్నారు. బాగుంది. అయితే అది మంచం మీదున్న మనిషికి. మంచం పక్కనున్న మనిషికి పైసా రాయలేదు! కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకైతే 2008 నుంచి పిల్లల కోసం 730 రోజుల సెలవుంది. చేలో పనిచేసే తల్లి ఆ సెలవు ఎవర్నడగాలి? మేస్త్రీనా?

అన్నట్టు, గుంటూరు మిర్చి యార్డుకు కూడా ఏటా ఎండాకాలం సెలవులిస్తారు, దాదాపు నెల రోజులు. అన్నాళ్లూ బస్తాలు కోల్డ్ స్టోరేజీల్లో చల్లగా పడుంటాయి.